ఓడ ఒక్క సాయంత్రమే రేవులో ఆగితే: ఓరుగల్లు ప్రయాణికులకు కొన్ని సూచనలు

ఉత్తర తెలంగాణ నుంచి సింగపూర్, మలేషియా చూడబోయే కుటుంబాలకు ట్రావెల్ ఏజెంట్లు చూపించే ప్యాకేజీలలో మూడు నాలుగు రాత్రుల క్రూయిజ్ కూడా ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. సింగపూర్‌లో ఓడ ఎక్కి, మలక్కా జలసంధి గుండా ఉత్తర దిశగా సాగి, మలేషియాలోని పెనాంగ్‌లోనో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లోనో, కొన్నిసార్లు రెండింటిలోనూ ఆగి, మళ్లీ సింగపూర్‌కే చేరుకోవడం వీటిలో ఎక్కువగా ఉండే మార్గం. ఆ మజిలీలలో ఏదైనా పగలంతా కాకుండా సాయంత్రానికే పరిమితమైతే చాలామంది దానిని లోటుగా భావించి, ఉన్న కాస్త సమయంలోనే ఊరంతా చుట్టి రావాలని ఆరాటపడతారు. మరికొందరు ఈ కాసేపటికి దిగడం దేనికని ఓడలోనే ఉండిపోతారు. ఎండ తగ్గి, గుళ్లు తెరుచుకుని, దుకాణాల్లో దీపాలు వెలిగి, వీధి వంటల పొయ్యిలు రాజుకునే వేళకు ఊళ్లో అడుగుపెట్టడం ఆ ఉక్కపోత దేశాలలో నిజానికి మేలైన ఏర్పాటే. కాకపోతే దానికి ముందుగా కొంత లెక్క, కొంత నిగ్రహం కావాలి.

లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి

కరపత్రంలో ఆ రేవు పేరు ఎదురుగా "మధ్యాహ్నం 3 – రాత్రి 10" అని ఉందనుకుందాము. చూడగానే ఏడు గంటలు చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ 3 గంటలన్నది ఓడ రేవుకు చేరే సమయమే గాని మనం నేల మీద కాలు పెట్టే సమయం కాదు. ఓడను తాళ్లతో కట్టాలి, ప్రయాణికులు దిగే వంతెన లాంటి గ్యాంగ్‌వే దించాలి, స్థానిక అధికారులు ఓడ కాగితాలు చూసి ప్రయాణికులను వదలమని అనుమతి ఇవ్వాలి. దీనికి అరగంట పట్టవచ్చు, గంటా పట్టవచ్చు. ఆ తరువాత రెండు మూడు వేల మంది ఒకేసారి లిఫ్టుల దగ్గరకు వస్తారు. రేవు భవనంలో పాస్‌పోర్టు తనిఖీ ఉంటే ఇంకో వరుస తప్పదు. ఇంతా అయి రోడ్డు మీదకు వచ్చేసరికి నాలుగున్నర అవుతుంది.

అటు చివరన కూడా ఇంతే. రాత్రి 10 అన్నది ఓడ కదిలే సమయం. ప్రయాణికులందరూ ఓడలో ఉండవలసిన సమయాన్ని "ఆల్ అబోర్డ్" అంటారు. అది బయలుదేరే సమయానికి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. తొమ్మిదికి ఆల్ అబోర్డ్ అయితే ఎనిమిదింబావుకు రేవు గేటు దగ్గర ఉండేలా పెట్టుకోవడం బుద్ధిమంతుల పని, ఎందుకంటే చివరి అరగంటలో అందరూ ఒకేసారి తిరిగి వస్తారు. అప్పుడు మిగిలేది నాలుగున్నర నుంచి ఎనిమిదింబావు వరకు, అంటే నాలుగు గంటల లోపు. ప్రణాళిక ఆ నాలుగు గంటలకే వేసుకోవాలి, అదీ చివరి నుంచి: తిరిగి రావలసిన సమయం, దానికి ముందు భోజనం, దానికి ముందు నడక, అన్నిటికన్నా ముందు పొద్దుగూకేలోగా చూడవలసిన ఆ ఒక్క చోటు. ముందు నుంచి లెక్కించేవారు ప్రతిచోటా పది నిమిషాలు ఎక్కువ ఉంటారు, ఆ భారమంతా చివరి అరగంట మీద పడుతుంది.

ఓడ ఎందుకు ఆగదని పెద్దవాళ్లు అడుగుతుంటారు. రేవు నుంచి ఓడను బయటకు నడిపించే పైలట్‌కు ఒక సమయం చెప్పి ఉంటారు, కట్టివేసిన స్థలానికి రుసుము లెక్క ఉంటుంది, మరుసటి రేవులో చేరవలసిన గంట ముందే ఖాయమై ఉంటుంది. కాజీపేట జంక్షన్‌లో రైలు కదిలిన తరువాత కూడా పరుగెత్తి ఎక్కేవారిని మనం చూసే ఉంటాము. గ్యాంగ్‌వే తీసేసిన ఓడకు అటువంటి పరుగు పనికిరాదు. ఊరు చూపించడానికి ఓడవారే నడిపే షోర్ ఎక్స్‌కర్షన్ బస్సులో వెళ్లినవారు ఆలస్యమైతే మాత్రం సాధారణంగా ఓడ వేచి ఉంటుంది. దూరపు చోటు చూసి తీరాలన్నవారు ధర ఎక్కువైనా అదే తీసుకోవడం మంచిది. నడక దూరంలోనే తిరిగేవారికి ఆ ఖర్చు దండుగ.

ఎవరి గడియారం చూడాలి

సాయంత్రపు మజిలీలలో ఇబ్బంది పడేవారిలో చాలామందిని ముంచేది ఫోను గడియారమే. సింగపూర్, మలేషియాలకు ఒకే సమయం. మన సమయం కన్నా రెండున్నర గంటలు ముందు ఉంటుంది. థాయ్‌లాండ్ సమయం వాటి కన్నా ఒక గంట వెనుక. ఓడ మాత్రం కొన్ని ప్రయాణాలలో స్థానిక సమయానికి మారుతుంది, కొన్నింటిలో సింగపూర్ సమయాన్నే దారి పొడవునా పాటిస్తుంది. ఫుకెట్‌లో ఓడ సింగపూర్ సమయం మీద ఉండి, ఒడ్డుకు దిగగానే మన ఫోను తనంతట తానే థాయ్ సమయానికి మారితే, ఫోనులో ఎనిమిది అయినప్పుడు ఓడలో తొమ్మిది అయి ఉంటుంది. ఆల్ అబోర్డ్ తొమ్మిదికే అయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అందుకని చేతికి ఒక మామూలు గడియారం పెట్టుకుని, ఓడ దిగే ముందు గ్యాంగ్‌వే దగ్గర ఉంచే బోర్డులోని సమయంతో దానిని సరిచూసుకోవాలి. ఆ బోర్డును ఫోటో తీసుకుని కుటుంబంలో అందరి ఫోన్లకూ పంపితే ఇంకా మంచిది. ముందురోజు రాత్రి క్యాబిన్‌కు వచ్చే దినచర్య పత్రికలో గాని ఓడ యాప్‌లో గాని ఆల్ అబోర్డ్ సమయం, రేవులో ఆ ఓడ తరఫున పనిచేసే పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబరు ఉంటాయి. ఆ పేజీని కూడా ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఫోను గురించే ఇంకొక మాట. సముద్రంలో ఉన్నప్పుడు ఫోన్లు ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తగులుకుంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి, ఎందుకంటే మనం ఊళ్లో వేయించుకునే అంతర్జాతీయ రోమింగ్ ప్యాకులు చాలావరకు దానికి వర్తించవు. ఓడలో ఉన్నంతసేపు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచి, ఒడ్డుకు దిగాక మాత్రమే తీయాలి. దిగబోయే ప్రాంతం మ్యాపును వరంగల్‌లో ఉండగానే దించుకుని ఉంచుకుంటే రేవు గేటు బయట నెట్ కోసం తడుముకునే పని ఉండదు.

కాగితాలు

సింగపూర్ నుంచి బయలుదేరి మళ్లీ సింగపూర్‌కే వస్తాము కనుక, ఆ దేశపు వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లేలా ఉన్నదో లేదో టికెట్ కొనేముందే చూసుకోవాలి. మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం కల్పిస్తోంది. అయినా ఇటువంటి సడలింపులు గడువుతో కూడుకున్నవి, ఓడ ప్రయాణికులకు వేరే పద్ధతి ఉండవచ్చు కూడా. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడక, అతడు క్రూయిజ్ సంస్థ నుంచి తెప్పించిన రాతపూర్వక సమాధానాన్ని అడగాలి. పాస్‌పోర్టును కొన్ని ఓడలు ఎక్కగానే తీసుకుని తమ వద్దే ఉంచుకుంటాయి, కొన్ని మనకే వదిలేస్తాయి. ఏ రేవులో అసలు పాస్‌పోర్టు తీసుకుని దిగాలో, ఎక్కడ జిరాక్సు కాపీ చాలునో గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడిగితే చెబుతారు. ఓడవారు ఇచ్చే గుర్తింపు కార్డు మాత్రం ప్రతివారి దగ్గరా ఉండాలి. అందరి కార్డులూ ఒకరి సంచిలోనే పెట్టే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆ ఒక్కరు తప్పిపోతే మిగతావారికి గేటు దాటే దారి ఉండదు.

ముందుగా మన కోటలో ఒక సాయంత్రం

ప్రయాణానికి ముందు ఒక ఆదివారం సాయంత్రం కుటుంబమంతా వరంగల్ కోటకు వెళ్లి నడిచి చూడాలని నా గట్టి సలహా. నాలుగు కీర్తి తోరణాల నడుమ శిథిలాలలో తిరిగి, ఖుష్ మహల్ మెట్లెక్కి దిగి, ఓపిక ఉన్నవారు ఏకశిల గుట్ట కూడా ఎక్కి, మొదలుపెట్టిన చోటికే రావాలి. దీనివల్ల రెండు మూడు సంగతులు ఇంటి దగ్గరే తేలిపోతాయి. తాతయ్య ఎంతసేపటికి కూర్చుంటానంటారో, నాయనమ్మకు ఏ చెప్పులతో కాలు నొప్పి పుడుతుందో, పిల్లలు ఫోటోల కోసం ఎంతసేపు ఆగుతారో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గంటలో ఇన్ని చోట్లు చూస్తామని కాగితం మీద రాసుకున్న దానికీ, నిజంగా చూడగలిగిన దానికీ ఉన్న తేడా బయటపడుతుంది. ఆ తేడాను పెనాంగ్ లెక్కలోకి తీసుకుంటే పట్టికలోని చోట్లలో సగం వాటంతటవే రాలిపోతాయి.

పది పన్నెండు మంది బంధువులు కలిసి వెళ్లేటప్పుడు ఈ కోట నడక ఇంకా అవసరం. పెద్ద గుంపు ఎప్పుడూ అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగంతోనే కదులుతుంది. దానికితోడు ఒకరు మంచినీళ్ల కోసం, ఒకరు బాత్‌రూం కోసం, ఒకరు అయస్కాంతపు బొమ్మల బేరం కోసం ఆగుతుంటారు. "వదినా, మీరు పిల్లలతో గుడి దాకా వెళ్లండి, మేము అత్తమ్మతో ఇక్కడే టీ తాగుతాము, ఏడున్నరకు గడియార స్తంభం దగ్గర కలుద్దాము" అని ఓడ దిగక ముందే మాట అనుకుంటే ఎవరి సాయంత్రమూ పాడవదు. కలుసుకునే చోటు ఫోను లేకపోయినా దొరికేలా, దూరానికి కనిపించేలా ఉండాలి.

పెనాంగ్: నడిచి చూసే సాయంత్రం

సాయంత్రపు మజిలీకి నేను చెప్పగల రేవులలో పెనాంగ్‌ను మించినది లేదు. ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జిటౌన్ పాత పట్టణానికి ఆనుకునే ఉంటుంది; గేటు దాటితే ఊరే. మెలాకాతో కలిపి ఈ పట్టణాన్ని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మలేషియా గడియారం సూర్యుడి కన్నా ముందు నడుస్తుంది కనుక ఇక్కడ ఏ నెలలోనైనా దాదాపు 7 గంటలకు గాని, ఆ తరువాత గాని పొద్దుగూకదు. నాలుగున్నరకు దిగినవారికి రెండున్నర గంటల వెలుతురు దొరుకుతుందన్నమాట. సముద్రంలోకి దిగే సూర్యుడిని చూద్దామని మాత్రం రేవు ఒడ్డున నిలబడవద్దు. ఈ ఒడ్డు తూర్పు ముఖంగా, అవతలి బటర్‌వర్త్ వైపు ఉంటుంది. సూర్యుడు వెనుక ఉన్న కొండల వైపు దిగుతాడు.

గేటు బయటకు రాగానే టాక్సీవారు చుట్టుముడతారు. పెనాంగ్ హిల్, కెక్ లోక్ సి బౌద్ధాలయం చూపిస్తామంటారు. రెండూ చూడదగినవే గాని ఊరికి దూరంగా ఆయిర్ ఇతామ్ వైపు ఉన్నాయి, సాయంత్రపు ట్రాఫిక్‌లో రాకపోకలకే మన సమయంలో పెద్ద భాగం పోతుంది. కొండ రైలుకు వరుస ఉంటే మిగిలింది కూడా పోతుంది. నవ్వుతూ వద్దని చెప్పి ముందుకు నడవాలి.

రేవుకు దగ్గరలోనే విక్టోరియా రాణి స్మారక గడియార స్తంభం కనిపిస్తుంది. 1897లో ఆమె పాలనకు 60 ఏళ్లు నిండిన సందర్భానికి గుర్తుగా, ఏడాదికొక అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తున కట్టించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబుల వల్ల కొద్దిగా ఒరిగి ఉంటుంది, నిదానంగా చూస్తే గాని తెలియదు. బంధువులు కలుసుకోవడానికి ఇదే తగిన చోటు. పక్కనే ఉన్న కార్న్‌వాలిస్ కోట మనం శాశ్వత శిస్తు పాఠంలో చదువుకున్న కార్న్‌వాలిస్ పేరు మీద వెలిసినదే. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ లైట్ దిగిన చోట కట్టారు. వరంగల్ కోట చూసిన కళ్లకు ఇది చిన్నదిగానే కనిపిస్తుంది, లోపలికి వెళ్లకపోయినా నష్టమేమీ లేదు.

అక్కడి నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే లిటిల్ ఇండియా వీధులు వస్తాయి. పూలదండలు, ఇత్తడి సామాను, చీరల కొట్లు, సినిమా పాటల హోరు మనకు కొత్త కావు కనుక ఇక్కడ కొనుగోళ్లకు ఆగవద్దని చెబుతాను. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ ఆలయం ఉంది. దక్షిణ భారత సంప్రదాయంలోని ఈ గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి పగటి ఓడల వారికి దొరకని దర్శనం సాయంత్రపు ఓడల వారికి దొరుకుతుంది. ఈ వీధులలో వినిపించేది ఎక్కువగా తమిళమే. మలేషియాలో తెలుగువారూ ఉన్నారు గాని వారి పాత ఊళ్లు పెరాక్ రాష్ట్రంలోని బాగన్ డాటో వైపు ఉన్నాయి.

గుడి వెనుక వీధికి వస్తే, ఒకే దారిలో చీనీయుల కరుణాదేవత ఆలయం, కొంత దూరంలో దక్షిణ భారతదేశం నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు కట్టించుకున్న కపితాన్ కెలింగ్ మసీదు, మసీదుకు ఎదుటి చివరన సెయింట్ జార్జి చర్చి ఉన్నాయి. కరుణాదేవత గుడి ముందర మనిషి ఎత్తున ఉండే అగరుబత్తీలు నిలబెట్టి వెలిగిస్తుంటారు. చూరు కింద ఎర్రటి కాగితపు దీపాలకు ఆ పొగ చుట్టుకుంటుంటే ముసలివారు ప్రాంగణంలో పావురాల మధ్య కూర్చుని ఉంటారు. మసీదులోకి వెళ్లదలచినవారు భుజాలు, మోకాళ్లు కప్పి ఉండే బట్టలతో, ప్రార్థన వేళ కానప్పుడు వెళ్లాలి. చీరలో, సల్వారులో ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు; నిక్కర్లలో దిగిన మగవారికే ఉంటుంది.

ఇంకా వెలుతురు మిగిలి ఉంటే ఆర్మీనియన్ స్ట్రీట్‌లోని గోడ బొమ్మల దాకా వెళ్లవచ్చు. లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ 2012లో గీసిన ఇద్దరు పిల్లల బొమ్మకు నిజమైన పాత సైకిలే గోడకు బిగించి ఉంటుంది. అందరూ దానిని పట్టుకుని ఫోటో దిగాలనుకుంటారు కనుక వరుస కడతారు. పదిమందికి మించి వరుసలో ఉంటే మీ పిల్లలను నచ్చజెప్పి ముందుకు కదలండి, చుట్టుపక్కల సందుల్లో ఇంకా బొమ్మలున్నాయి. వెల్డ్ కీ అనే ఒడ్డు రోడ్డు వెంట నీళ్ల మీద గుంజలపై కట్టుకున్న చీనీయుల వాడలలో చ్యూ జెట్టీ పెద్దది; పలకల దారి మీద నడుస్తూ చివరి దాకా వెళితే పడవల నడుమ సాయంత్రపు గాలి తగులుతుంది. అవి మనుషులు నివసించే ఇళ్లు. గుమ్మంలోకి తొంగి చూడటం, లోపలి ఫోటోలు తీయడం మర్యాద కాదు. గుడి, గోడ బొమ్మలు, జెట్టీ మూడూ చూడాలంటే పెద్దవారికి కష్టం; మోకాళ్ల నొప్పులున్నవారు జెట్టీని వదిలేయాలి.

సెప్టెంబర్, అక్టోబర్ నెలలలో పెనాంగ్‌లో వానలు ఎక్కువ. ఆ నెలల్లో గొడుగు లేకుండా దిగవద్దు.

తిండి విషయం

ఓడలో భోజనం టికెట్‌లోనే కలిసి ఉంటుంది కనుక బయట తినడం వృథా అనేవారున్నారు. సాయంత్రపు మజిలీ సగం తిండి కోసమే అని నా అభిప్రాయం. పెనాంగ్‌ను మలేషియాలో తిండికి పెట్టింది పేరుగా చెప్పుకుంటారు. మాంసాహారులకు నాసి కందార్ ఉంది: తెల్లన్నం మీద రెండు మూడు రకాల కూరల పులుసు కలగలిపి పోసే ఈ భోజనాన్ని ఇక్కడికి వచ్చిన తమిళ ముస్లింలు కావడిలో మోసుకుంటూ అమ్మేవారు. మన నాలుకకు కొత్తగా తోచనిదీ, కొత్తదీ కూడా అదే.

శాకాహారులు మాత్రం కొంత జాగ్రత్త పడాలి. పెనాంగ్ ప్రత్యేకమైన ఆసం లక్సా చింతపులుసు వాసనతో నోరూరిస్తుంది గాని దాని చారు చేపలతోనే కాస్తారు. పండ్ల ముక్కలతో చేసే రోజాక్ శాకాహారంలా కనిపిస్తుంది, పైన పోసే నల్లటి పాకంలో రొయ్యల ముద్ద ఉంటుంది. ఆకుకూర వేపుడులో సైతం బెలాచాన్ అనే ఎండురొయ్యల ముద్ద వేయడం మామూలు. "మాంసం లేదు కదా" అని అడిగితే లేదనే చెబుతారు, ఎందుకంటే చేపను, రొయ్యను వాళ్లు మాంసంలో లెక్కకట్టరు. చేప, రొయ్య, గుడ్డు పేరుపేరునా అడగాలి. ఈ బాధ వద్దనుకునేవారికి లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం, దోశ దొరికే శాకాహార హోటళ్లు ఉన్నాయి.

చెండోల్ మాత్రం అందరూ తినవచ్చు. సన్నగా తురిమిన మంచు మీద కొబ్బరిపాలు, తాటి జాతి చెట్టు నుంచి తీసిన ముదురు బెల్లపు పాకం పోసి, బియ్యప్పిండితో చేసిన ఆకుపచ్చని సేమ్యా లాంటి తీగలు, ఉడికించిన ఎర్ర గింజలు వేసి గిన్నెలో ఇస్తారు. పైపైన తింటే చప్పగా ఉంటుంది. చెంచాను అడుగుదాకా దింపి పాకాన్ని పైకి కలిపితేనే రుచి తెలుస్తుంది. మంచు పడని గొంతులవారు టే తారిక్ అనే నురుగు టీ తాగవచ్చు. వీధి బండ్ల దగ్గర నగదే ఎక్కువగా చెల్లుతుంది, పెద్ద నోటుకు చిల్లర దొరకడం కష్టం. సింగపూర్‌లోనే కొన్ని చిన్న మలేషియా రింగిట్ నోట్లు మార్చుకుని ఉంచుకోవాలి.

ఫుకెట్, కొచ్చి

ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలావరకు పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసి, టెండర్ బోట్లు అనే చిన్న పడవలలో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తాయి. దీనితో లెక్క మారిపోతుంది. దిగడానికి వరుస చీటీలు తీసుకోవాలి, తిరిగి రావడానికి చివరి టెండర్ సమయమే మనకు ఆల్ అబోర్డ్, ఆ చివరి పడవకు ఒడ్డున పొడవాటి వరుస ఉంటుంది. సముద్రం అలజడిగా ఉంటే మొత్తం మజిలీనే రద్దు చేయవచ్చు, కనుక బయటి సంస్థలకు తిరిగి ఇవ్వని అడ్వాన్సు కట్టడం తెలివైన పని కాదు. ఊగే పడవలోకి అడుగు వేయలేని పెద్దలను బలవంతంగా దించవద్దు.

ఇక్కడ పొద్దు పెనాంగ్ కన్నా ముందే, ఆరు నుంచి ఆరు ముప్పావు మధ్యలో గూకుతుంది, పైగా తీరం పడమర ముఖంగా ఉంది కాబట్టి సూర్యాస్తమయం ఇసుకలో కూర్చునే చూడవచ్చు. దానికన్నా ఎక్కువ ఆశపడి పాత ఫుకెట్ పట్టణం దాకా కొండదారిలో కారు కట్టించుకుని వెళ్లడం సాయంత్రపు మజిలీలో నేను ఒప్పుకోను. చీకటి పడ్డాక పటాంగ్‌లోని బాంగ్లా రోడ్డు బార్ల సందడితో నిండిపోతుంది. పిల్లలతో ఉన్నవారు తీరం వెంట రోడ్డు మీదనే నడిచి రావడం మేలు. థాయ్ వంటలలో చేపల సాస్ ఉప్పు వేసినంత సహజంగా పడుతుంది. అక్కడి శుద్ధ శాకాహారానికి "జే" అని పేరు, పసుపుపచ్చని గుర్తు ఉన్న కొట్లలో అది దొరుకుతుంది. ఫుకెట్‌లో ఏటా సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో తొమ్మిది రోజుల శాకాహార ఉత్సవం కూడా జరుగుతుంది, కనుక ఆ మాట వాళ్లకు కొత్త కాదు.

దేశం దాటకుండా ముంబై వైపు నుంచి ఓడ ఎక్కేవారికి కొచ్చిలో ఇటువంటి సాయంత్రం దొరకవచ్చు. ఓడలు విల్లింగ్డన్ ద్వీపంలో ఆగుతాయి. ఆటోలో ఫోర్ట్ కొచ్చి వెళ్లి చీనా వలల దగ్గర పొద్దుగూకడం చూసి, కథాకళి ముఖవర్ణం వేసుకోవడంతో మొదలయ్యే సాయంత్రపు ప్రదర్శన ఏదైనా చూసి రావచ్చు. మట్టాంచేరి యూదుల ప్రార్థనాలయం 1568 నాటిది, సాయంత్రానికి మూసివేస్తారు, దాని కోసం పరుగెత్తవద్దు.

ఓడలోనే ఉండిపోయేవారు

ఇంట్లో ఒకరిద్దరు దిగనంటే బలవంతం చేయనక్కరలేదు. మిగిలిన రోజుల్లో చోటు దొరకని ఈత కొలను, పై డెక్కు కుర్చీలు ఆ సాయంత్రం ఖాళీగా ఉంటాయి, భోజనశాలలో వరుస ఉండదు. రేవు దీపాలను పైనుంచి చూడటం కూడా బాగానే ఉంటుంది. దిగినవారి పేర్లు, ఆల్ అబోర్డ్ సమయం వారి దగ్గర కాగితం మీద రాసి ఉంచాలి.

తిరిగి వచ్చేటప్పుడు

గేటు దగ్గర కార్డు, గుర్తింపు కాగితం చూపించాలి, సంచులు ఎక్స్‌రే యంత్రం గుండా వెళ్లాలి. ఒడ్డున కొన్న మద్యం సీసాలను ఓడవారు తీసుకుని ప్రయాణం చివరిరోజు తిరిగి ఇస్తారు. వండిన తిండి, కోసిన పండ్లు చాలా ఓడలు లోపలికి రానివ్వవు. దురియన్ పండును దాని వాసన వల్ల గేటులోనే ఆపుతారు, తినాలనిపిస్తే ఊళ్లోనే తిని రావాలి. మన భోజనపు వేళ దాటిపోయిందని బెంగపడవద్దు. సాయంత్రపు మజిలీ ఉన్న రోజున బఫే సాధారణంగా ఎక్కువసేపు తెరిచి ఉంచుతారు, దిగేముందే ఆ సమయం చూసుకుంటే చాలు.

ఎంత జాగ్రత్తపడినా ఎవరికైనా ఓడ తప్పిపోతే, రేవులో అరిచి గొడవపడి లాభం లేదు. ఫోటో తీసి ఉంచుకున్న పోర్ట్ ఏజెంట్ నంబరుకు వెంటనే ఫోను చేయాలి. సాధారణంగా ప్రయాణికుడు రాలేదని తేలినప్పుడు ఓడ సిబ్బంది అతని క్యాబిన్ లాకర్‌లో పాస్‌పోర్టు ఉందేమో చూసి, ఉంటే బయలుదేరే ముందు ఏజెంటుకు అప్పగిస్తారు. అందువల్ల పాస్‌పోర్టు వెంట తీసుకుపోనివారు దానిని సూట్‌కేసు అడుగున కాకుండా లాకర్‌లోనే పెట్టాలి. మరుసటి రేవుకో, నేరుగా సింగపూర్‌కో చేరే ఖర్చంతా మనదే. క్రూయిజ్‌కు కూడా వర్తించే ప్రయాణ బీమా తీసుకున్నవారు, ఓడ తప్పిపోతే ఆ పాలసీ ఏ సందర్భాలలో చెల్లిస్తుందో బయలుదేరే ముందే చదివి, పాలసీ కాపీని, రోజూ వాడే మందులను, ఒక క్రెడిట్ కార్డును ఒడ్డుకు దిగే చేతిసంచిలోనే పెట్టుకోవాలి.